38 ఏళ్ళకి బ్యాగ్‌పైప్ మొదలుపెట్టొచ్చా? ముందు చాంటర్, తర్వాతే తిత్తి

మీరు అడిగింది ఇదీ: వయసు 38, స్కాట్లాండ్‌లోని ఎడింబరో వచ్చి రెండేళ్ళయింది, భార్యా పిల్లాడితో ఫ్లాట్‌లో ఉంటున్నారు. చిన్నప్పుడు అమ్మగారి దగ్గర సరళీ స్వరాలు, జంట స్వరాలు పాడారు, అంతకు మించి సంగీతం రాదు. అక్కడి రాయల్ మైల్ వీధి మీద పైపర్ని (బ్యాగ్‌పైప్ వాయించేవాణ్ణి) విన్నప్పటినుంచి ఆ మోత చెవిలోంచి పోవడం లేదు. ఆన్‌లైన్‌లో 150 పౌండ్లకి మొత్తం సెట్టు దొరుకుతోంది, కొనేయమంటారా, ఎన్నాళ్ళకి ఒక పాట వాయించగలను, పక్కింటివాళ్ళు ఊరుకుంటారా అని.

నేర్చుకోండి, 38 ఏమంత వయసు కాదు. ఆ సెట్టు మాత్రం కొనకండి.

నేను తెనాలి నుంచి గ్లాస్గో వచ్చినవాణ్ణి. 36వ ఏట చాంటర్ (వేళ్ళతో పాట వాయించే కన్నాల గొట్టం) పట్టుకున్నాను, ఇప్పటికి 14 ఏళ్ళయింది. గ్రేడ్ 4బీ పైప్ బ్యాండులో (పోటీల్లో కింది తరగతి) వాయిస్తాను. గురువారం సాయంత్రాలు మా బ్యాండు హాల్లో కొత్తగా వచ్చినవాళ్ళకి మొదటి పాఠాలు చెప్పడంలో ఆరేళ్ళుగా సాయం చేస్తున్నాను. పెద్ద విద్వాంసుణ్ణి కాను, కానీ పెద్దవయసులో మొదలుపెట్టినవాళ్ళు ఎక్కడ ఆగిపోతారో బాగా చూశాను. చాలామంది ఆగిపోయేది ఒక్క కారణానికే: తొందరపడి తిత్తి (గాలి నింపే సంచీ) పట్టుకుంటారు. వేళ్ళు కుదరకముందే సంచీ, మూడు డ్రోన్లు (ఎప్పుడూ ఒకే స్వరం మోగించే గొట్టాలు), ఊపిరి, చంక అన్నీ ఒకేసారి మీద పడితే ఏదీ చేతికి రాదు. ఆర్నెల్లకి పెట్టె అటక ఎక్కుతుంది.

నా విషయంలో జరిగింది చెబుతాను. నేనూ మొదట అలాంటి సెట్టే తెప్పించుకున్నాను. చూడటానికి ఎంతో అందంగా ఉంది, ఎర్రటి చెక్క, తెల్లటి రింగులు, టార్టన్ అనే గళ్ళ గుడ్డ కప్పిన సంచీ. రెండు నెలలు నోరు నొప్పెట్టేలా ఊదాను. గాలి ఒక్కచోట కాదు, ప్రతి కీలు దగ్గరా పోయేది. ఊపిరితిత్తులకి బలం లేదేమో, ఇంత వయసులో ఇది నాకు పట్టుబడదేమో అని మనసు విరిగిపోయింది. చివరికి ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాను. తర్వాత ఆయనే నా గురువయ్యారు, మాస్టారు అనే పిలుస్తాను. చాంటర్ కన్నాల మీద వేలు పెట్టి చూపించారు. రంధ్రాల దూరాలే తప్పు. ఎంత గొప్ప రీడు (గాలికి అదిరి శబ్దం పుట్టించే పలుచటి నాలిక) పెట్టినా, ఎవరు ఊదినా అందులో శ్రుతి కుదరదు. తప్పు ఊపిరిది కాదు, చెక్కది. అలంకారానికి గోడకి తగిలించుకోవడం కోసం చేసిన వాటిని వాయిద్యమని అమ్ముతున్నారు. ఇలాంటి చౌక సెట్లు వచ్చే సియాల్‌కోట్‌లోనూ మీరట్‌లోనూ బ్యాండు వాయిద్యాలు చేసే పాత పనివాళ్ళున్నారు, వాళ్ళందర్నీ ఒకే గాటన కట్టడం నా ఉద్దేశం కాదు. కానీ 150 పౌండ్లకి నేర్చుకోదగ్గ పూర్తి సెట్టు ఎక్కడా రాదు.

మీరు మొదట కొనాల్సింది ప్రాక్టీస్ చాంటర్. నల్లటి ప్లాస్టిక్ గొట్టం, పిల్లనగ్రోవి కన్నా కొంచెం పొడవు, లోపల సన్నని ప్లాస్టిక్ రీడు. సంచీ లేదు, డ్రోన్లు లేవు, నేరుగా నోటితో ఊదుతారు. శబ్దం చిన్నది, పక్క గదిలో పిల్లాడు నిద్రపోతున్నా వాయించుకోవచ్చు. 60, 70 పౌండ్లలో మంచిది వస్తుంది. పొడవు రకం తీసుకోండి. అందులో కన్నాల మధ్య దూరం అసలు పైప్ చాంటర్‌కి దగ్గరగా ఉంటుంది. పొట్టి రకం చిన్నపిల్లల కోసం. ఫ్లాట్ గురించి మీకున్న బెంగ మొదటి ఏడాదికి దీంతోనే తీరిపోతుంది.

పట్టుకునే తీరు దగ్గరే చాలామంది తప్పు చేస్తారు. ఎడమచెయ్యి పైన, కుడిచెయ్యి కింద. వేళ్ళ కొసలతో మూయకూడదు. వేళ్ళు చాపి, కుడిచేతికైతే మధ్య కణుపుల దగ్గరి మెత్తటి భాగంతో కన్నం కప్పాలి. వేణువు నేర్చుకున్నవాళ్ళకి ఇది మొదట్లో ఇబ్బంది, ఎందుకంటే వాళ్ళ వేలు సగం కన్నం తెరిచి గమకం తియ్యడానికి అలవాటు పడి ఉంటుంది. ఇక్కడ సగం తెరవడం లేదు. వేలు లేస్తే పూర్తిగా లేవాలి, పడితే పూర్తిగా పడాలి. మీకు వేణువు రాకపోవడం ఈ విషయంలో మేలే.

మీరు సరళీ స్వరాలు పాడానన్నారు కాబట్టి మీకో సంతోషకరమైన సంగతి చెబుతాను. ఈ చాంటర్‌లో ఉన్నవి తొమ్మిదే స్వరాలు: లో జీ, లో ఏ, బీ, సీ, డీ, ఈ, ఎఫ్, హై జీ, హై ఏ (లో అంటే కిందిది, హై అంటే పైది). కాగితం మీద సీ, ఎఫ్ అని రాసినా మోగేవి వాటి షార్ప్‌లు, అంటే అర మెట్టు పైస్వరాలు. డ్రోన్లు నిరంతరం మోగించేది 'ఏ' (A) అనే స్వరం. దాన్ని షడ్జమం అనుకుని కింది నుంచి పైకి వాయించండి: చతుశ్రుతి రిషభం, అంతర గాంధారం, శుద్ధ మధ్యమం, పంచమం, చతుశ్రుతి ధైవతం, కైశికి నిషాదం. అంటే మన హరికాంభోజి రాగం! కింద మంద్రంలో ఒక్క నిషాదం, పైన తారషడ్జమం, అంతే. స్కాట్లాండ్ పాటల్లో చాలావాటికి ఐదు స్వరాలే ఉంటాయి. గాంధారం ధైవతం ఉన్నచోట మన మోహనంలా, గాంధారం వదిలి మధ్యమం పట్టుకున్నచోట శుద్ధసావేరిలా, ధైవతం బదులు నిషాదం వస్తే మధ్యమావతిలా వినిపిస్తాయి. నాకు మొదటి నెలలో నేర్పిన ఒక చిన్న మార్చ్ వింటే మోహన వర్ణం ఎత్తుకున్నట్టే అనిపించి ఒళ్ళు జలదరించింది. రాయల్ మైల్ మీద విన్నది మీ చెవిలోంచి పోకపోవడానికి ఇదీ ఒక కారణం కావొచ్చు.

అయితే దీనిమీద కీర్తనలు వాయించాలన్న ఆశ పెట్టుకోకండి. తొమ్మిది స్వరాల పరిధి చాలదు, జారు గమకాలు ఈ వాయిద్యం స్వభావంలో లేవు. దీని అందం వేరే చోట ఉంది.

ఆ అందం అర్థం కావాలంటే ఒక్క విషయం తెలియాలి: బ్యాగ్‌పైప్ శబ్దం ఆగదు. మన సన్నాయిలో రీడు పెదాల మధ్య ఉంటుంది. విద్వాంసుడు నాలుకతో కొట్టి స్వరాన్ని విడదీస్తాడు, ఊపిరి తగ్గించి మెల్లగా పలికిస్తాడు. పైప్స్‌లో రీడు చాంటర్ పైకొసన, గొట్టం లోపల దాక్కుని ఉంటుంది. నోటికీ దానికీ మధ్య సంచీ ఉంది. నాలుకకి పని లేదు. గట్టిగా, మెల్లగా అన్న తేడా లేదు. విరామం లేదు. మరి ఒకే స్వరం రెండుసార్లు ఎలా వాయిస్తారు? రెండిటి మధ్య క్షణంలో పదో వంతు కూడా పట్టని మరో స్వరాన్ని పుటుక్కున పెట్టి కోస్తారు. దాన్నే గ్రేస్‌నోట్ అంటారు. తాళంలో ఒత్తు ఎక్కడ పడాలో చెప్పేదీ అదే. అలాంటివి రెండు మూడు కలిపి అల్లితే డబ్లింగ్, గ్రిప్, త్రో, టార్లువా లాంటివి వస్తాయి. అవి నగలు కావు, ఈ వాయిద్యానికి వ్యాకరణం. అవి తీసేస్తే పాట ముద్దయిపోతుంది.

బర్ల్ అని ఒకటుంది. లో ఏ మోగుతుండగా కుడిచేతి చిటికెన వేలు కిందికన్నం మీద రెండుసార్లు తాకాలి, లో జీ రెండుసార్లు మెరిసి మాయమవ్వాలి. మనిషి చేతిలో అన్నిటికన్నా బలహీనమైన వేలు అది. నాకది రావడానికి నాలుగు నెలలు పట్టింది. బస్సులో, ఆఫీసు బల్ల మీద, అన్నం తినేటప్పుడు ఎడమచేతి మణికట్టు మీద, ఎక్కడ పడితే అక్కడ చిటికెన వేలు కొట్టుకునేవాణ్ణి. మాస్టారు వేగం అడగలేదు. "రెండు దెబ్బలూ ఒకేలా వినిపించాలి, నెమ్మదిగానే కొట్టు" అనేవారు. ఒకరోజు వంటింట్లో పప్పు ఉడుకుతుంటే పక్కన నిలబడి వాయిస్తున్నాను, అప్పుడు పడింది. టకటక కాదు, ర్ర్‌ప్ అని గొంతులో పలికినట్టు. మళ్ళీ కొట్టాను, మళ్ళీ పడింది. ఆ రోజు పప్పు మాడింది.

సాధన ఎలా చెయ్యాలో చెబుతాను. రోజూ 20, 25 నిమిషాలు చాలు, కానీ రోజూ కావాలి. ఆదివారం ఒక్కరోజే మూడు గంటలు కూర్చుంటే వేళ్ళకి గుర్తుండదు. అందులో మొదటి పది నిమిషాలు పాట వద్దు. స్కేలు, ఒక్కో గ్రేస్‌నోట్, ఒక్కో డబ్లింగ్, లయ కొట్టే మెట్రోనోమ్ పెట్టుకుని. క్రాసింగ్ నాయిస్ అని ఒక దోషముంది: ఒక స్వరం నుంచి ఇంకోదానికి పోతున్నప్పుడు ఒక చేతి వేళ్ళు లేవడం, మరో చేతి వేళ్ళు పడటం ఒకే క్షణంలో జరక్కపోతే మధ్యలో ఏదో అక్కర్లేని స్వరం కీచుమంటుంది. ముఖ్యంగా డీ నుంచి ఈకి, ఎఫ్‌కి వెళ్ళేటప్పుడు. మీకు వినిపించదు, పక్కవాళ్ళకి వినిపిస్తుంది. ఫోన్‌లో రికార్డు చేసి వినండి. చాంటర్ మీద వదిలేసిన తప్పు పైప్స్ మీద పది రెట్లు పెద్దగా వినిపిస్తుంది, అప్పుడు దిద్దుకోవడం చాలా కష్టం.

గురువు లేకుండా వద్దు. వీడియోలు చూసి వేళ్ళు ఎక్కడ పెట్టాలో తెలుసుకోవచ్చు, కానీ మీ వేలు ఎంత ఎత్తు లేస్తోందో, మణికట్టు బిగుసుకుంటోందో వీడియో చెప్పదు. మీరు స్కాట్లాండ్‌లోనే ఉన్నారు, ఇంతకన్నా అదృష్టం ఏముంటుంది. మీ ఊళ్ళో, చుట్టుపక్కల పైప్ బ్యాండులు చాలానే ఉన్నాయి. వాటికి ఎప్పుడూ కొత్తవాళ్ళు కావాలి. చాలా బ్యాండులు చాంటర్ పాఠాలు ఉచితంగానో, నామమాత్రపు ఫీజుకో చెబుతాయి. నిలకడగా వస్తున్నారని నమ్మకం కుదిరితే పైప్స్ కూడా అరువిస్తాయి. గ్లాస్గోలో నేషనల్ పైపింగ్ సెంటర్ ఉంది, పాత చర్చి భవనంలో 1996లో తెరిచారు. అక్కడ పెద్దవాళ్ళకి క్లాసులున్నాయి, ఆన్‌లైన్‌లోనూ చెబుతారు. కింద మ్యూజియం ఉంది, పిల్లాణ్ణి తీసుకెళ్ళండి. హైదరాబాదులోనో విశాఖలోనో ఉండి ఇదే ఆలోచన ఉన్నవాళ్ళు చదువుతుంటే, వారానికి ఒక అరగంట వీడియో కాల్‌లో మనిషి ఎదురుగా కూర్చుని చెప్పే పాఠం తీసుకోండి.

బ్యాండు హాలుకి వెళ్ళి నేను తెలుగువాణ్ణి, నాకేం తెలీదు అని టెన్షన్ పడకండి. మనకి అక్కడొక అనుకూలత ఉంది. ఈ వాయిద్యం వందల ఏళ్ళు నోటితో పాడి నేర్పిన విద్య. పీబ్రోక్ అనే పెద్ద సంగీతం ఉంది, స్కై ద్వీపంలోని మెక్‌క్రిమ్మన్ల కుటుంబం దానికి పేరు మోసింది, డన్‌వెగన్‌లోని మెక్‌లియడ్ వంశ నాయకుల ఆస్థాన పైపర్లు వాళ్ళు. ఆ పాటల్ని స్వరలిపి లేకుండా కాంటరాక్ అనే పద్ధతిలో పాడి చెప్పేవారు. హిహారిన్, హోడిన్ లాంటి అక్షరాలు, ఒక్కో అక్షరంలో స్వరమూ, దానిమీది అల్లికా రెండూ ఇమిడి ఉంటాయి. 1797 నాటి ఒక రాతప్రతిలో పాటలన్నీ ఆ అక్షరాల్లోనే రాసి ఉన్నాయి. జతులు, స్వరాలు నోట పలికి నేర్చుకున్న మనకి ఇది పరాయిగా అనిపించదు. మాస్టారు ఏ పాటైనా ముందు పాడేవారు, నన్ను పాడమనేవారు. తరవాతే చాంటర్. మిగతా శిష్యులు పాడటానికి సిగ్గుపడేవారు. నాకు అది అమ్మ ముందు కూర్చున్నట్టే ఉండేది. పీబ్రోక్ నిర్మాణం కూడా మన చెవికి దగ్గర. ముందు ఊర్లార్ అనే నెమ్మదైన మూలం, తర్వాత దానిమీద అంచెలంచెలుగా బిగుసుకునే మార్పులు, చివర మళ్ళీ ఆ మూలానికే రావడం. ఒక పాట పది, పదిహేను నిమిషాలు సాగుతుంది. ఇప్పుడే వాయించలేరు గానీ వినడం ఇప్పట్నుంచే మొదలుపెట్టండి.

పైప్స్ ఎప్పుడు? ఆరేడు పాటలు చూడకుండా, తడబడకుండా చాంటర్ మీద వాయించగలిగినప్పుడు. రోజూ చేసేవాళ్ళకి ఎనిమిది నెలల నుంచి ఏడాదిన్నర. మీ గురువు ఇంకా ఆగమంటే ఆగండి.

మన పల్లెల్లోనూ ఒకప్పుడు మేకతోలుతో ఇలాంటి వాయిద్యం ఉండేది, తిత్తి అనే పిలిచేవారు, శ్రుతి కోసం ఊదేవారు. కొలిమి తిత్తి చూసినవాళ్ళకి సంగతి వెంటనే అర్థమవుతుంది. తిత్తి గాలి నిల్వ. మీరు ఊపిరి తీసుకునే ఆ రెండు క్షణాలూ చంక దాన్ని నొక్కి రీడుకి అదే ఒత్తిడి అందించాలి. మీరు ఊదేటప్పుడు చంక వదలాలి. ఊది వదలడం, నొక్కి పీల్చడం. ఈ మారకంలో ఎక్కడా ఒత్తిడి పెరగకూడదు, తగ్గకూడదు. తగ్గితే స్వరం కుంగిపోతుంది, పెరిగితే కీచుమంటుంది. ఊపిరితిత్తుల బలం గురించి అందరూ అడుగుతారు. బలం కాదు కావాల్సింది, నిలకడ. మా బ్యాండులో 70 దాటిన ఒకావిడ రెండు గంటలు హాయిగా వాయిస్తారు.

నిలకడ కంటికి కనపడేలా చేసుకునే ఉపాయం ఒకటి ఉంది. హార్డ్‌వేర్ షాపులో రెండు మీటర్ల పారదర్శకమైన ప్లాస్టిక్ ట్యూబు కొని, యూ ఆకారంలో వంచి తలుపుకి టేపుతో అంటించాను. అందులో పసుపు కలిపిన నీళ్ళు పోశాను. ఒక కొస తిత్తికి, ఒక డ్రోన్ పెట్టే కన్నానికి బిగించాను. వాయిస్తుంటే పసుపు నీళ్ళు పైకి లేచి నిలబడతాయి. రీడుని బట్టి రెండు మట్టాల మధ్య తేడా 60 నుంచి 90 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. మొదటిరోజు ఆ నీళ్ళు ఉయ్యాలలా ఊగాయి. ప్రతి ఊపిరికీ ఒక అల. మూడు వారాలకి అల రెండు వేళ్ళ వెడల్పుకి తగ్గింది. చెవి అబద్ధం చెప్పినా నీళ్ళు చెప్పవు కదా, నాకు అంతగా ఉపయోగపడ్డ సాధనం ఇంకోటి లేదు.

డ్రోన్లు మూడూ ఒకేసారి తెరవకండి. మొదట మూడిటికీ బిరడాలు పెట్టి చాంటర్ ఒక్కటే. అది పది నిమిషాలు నిలకడగా వచ్చాక ఒక టెనర్ డ్రోన్, అంటే రెండు పొట్టి డ్రోన్లలో ఒకటి. తర్వాత రెండోది. చివర పొడవాటి బేస్. నాకీ మెట్లన్నిటికీ ఐదు నెలలు పట్టింది.

వాయిద్యం మొదలుపెట్టడం కూడా ఒక విద్యే. తిత్తి ముప్పాతిక నింపి, అరచేత్తో ఒక్క చరుపు చరిస్తే డ్రోన్లు ఒక్కసారి మోగాలి. ఆ వెంటనే చంక బిగిస్తే చాంటర్ 'ఈ' (E) అనే స్వరం మీద పలకాలి. ముందు మూలుగు, ముందు కీచు రాకూడదు. ఆపేటప్పుడు అన్నీ ఒకేసారి కత్తిరించినట్టు ఆగాలి. బ్యాండులో పదిమంది కలిసి ఇది చేస్తే ఎలా ఉంటుందో మీరు రాయల్ మైల్ మీద ఒంటరి పైపర్ దగ్గర వినలేదు.

ఇక శ్రుతి. నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే, కాస్త వివరంగా చెప్పనివ్వండి. రెండు టెనర్ డ్రోన్లు లో ఏకి ఒక స్థాయి కింద, బేస్ రెండు స్థాయిలు కింద మోగుతాయి. ప్రతి డ్రోనుకీ ఒకదాంట్లో ఒకటి జారే భాగాలుంటాయి. పైకి లాగితే శ్రుతి తగ్గుతుంది, కిందికి తోస్తే పెరుగుతుంది. పది పదిహేను నిమిషాలు వాయించి వాయిద్యం వేడెక్కాకే శ్రుతి చెయ్యాలి, చల్లటి పైప్స్‌ని శ్రుతి చేస్తే ఐదు నిమిషాల్లో మారిపోతుంది. ఒక టెనర్ని మూసేసి, రెండోదాన్ని చాంటర్‌తో కలుపుతారు. తేడా ఉంటే వావ్ వావ్ వావ్ అని అలలు వినిపిస్తాయి. మెల్లగా జరుపుతుంటే అలలు నెమ్మదిస్తాయి. వావ్... వావ్... చివరికి ఆగిపోతాయి. ఆ క్షణంలో శబ్దం పెద్దదవదు, వెడల్పవుతుంది. అలా మూడూ కలిశాక, ఎవరూ ఊదని పంచమం గాల్లో వినిపిస్తుంది. బాగా శ్రుతి చేసిన తంబురాలో మీటని గాంధారం పలుకుతుందని అమ్మగారు చెప్పే ఉంటారు, అలాంటిదే. మొదటిసారి విన్నప్పుడు నేను వాయించడం మానేసి డ్రోన్లు వింటూ నిలబడిపోయాను. ఇప్పటికీ ఒక్కోరోజు పాటేదీ వాయించకుండా ఆ శ్రుతిలో 'లో ఏ', 'ఈ' స్వరాలు పట్టుకుని ఉండిపోతాను.

ఒక హెచ్చరిక. పైప్స్‌లో 'లో ఏ' స్వరం ఇప్పుడు 470 నుంచి 480 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. మన లెక్కలో ఆరున్నర శ్రుతి కన్నా ఇంకొంచెం పైకి. అందుకే కీబోర్డు పక్కన పెట్టి సరిచూసుకోవద్దు, ఎప్పటికీ కలవదు. స్వరాలు డ్రోన్‌తో కలవాలి, మెషీన్‌తో కాదు. పై నిషాదాన్ని చాలామంది పైపర్లు మన చెవికి కాస్త దించినట్టే పెట్టుకుంటారు, అది తప్పనుకోకండి. చాంటర్‌లో ఏదైనా ఒక స్వరం పైకి పోతుంటే ఆ కన్నం పైఅంచున చిన్న టేపు ముక్క వేస్తారు. మొత్తం తక్కువగా ఉంటే రీడుని ఇంకొంచెం లోపలికి దించుతారు.

పైప్స్ కొనే రోజు వస్తే కొత్తవి వెయ్యి పౌండ్ల దగ్గర మొదలవుతాయి, వెండి పనితనాన్ని బట్టి ఎంతకైనా పోతాయి. ఆఫ్రికన్ బ్లాక్‌వుడ్ చెక్క వాడుకలో ఉంది, టాంజానియా, మొజాంబిక్‌ల నుంచి వస్తుంది. పాలీపెన్కో అనే గట్టి ప్లాస్టిక్‌తో చేసినవీ బాగానే మోగుతాయి, ధర తక్కువ, వానకీ ఎండకీ చీలవు. మీరు ఎప్పటికైనా ఇండియా తిరిగి వెళ్ళే ఆలోచనలో ఉంటే నేనైతే ప్లాస్టిక్కే తీసుకోమంటాను. మే నెల హైదరాబాద్ ఎండకి చెక్క పగిలే ప్రమాదం ఉంది. సెకండ్‌హ్యాండ్ మంచి దారే, కానీ మీ గురువు ఊది చూశాకే డబ్బివ్వండి. పాతవాటిలో కొన్నిటికి ఏనుగు దంతపు రింగులుంటాయి, దేశాలు దాటించేటప్పుడు కస్టమ్స్ దగ్గర, అమ్మేటప్పుడు చట్టం దగ్గర చిక్కు. అలాంటివి వద్దు. తిత్తి తోలుదైతే తేమ పీల్చుకుంటుంది గానీ అప్పుడప్పుడు సీజనింగ్ (తోలుని కాపాడే ద్రవం) పొయ్యాలి, వారాలు వాయించకపోతే ఎండిపోతుంది. సింథటిక్‌ది మనలాంటివాళ్ళకి సులువు. రీడు మాత్రం మెత్తనిది అడగండి. గట్టి రీడు ఊదడం మగతనం అనుకునే కుర్రాళ్ళు హాల్లో కనిపిస్తారు, వాళ్ళ మాట వినకండి.

కొన్న వెంటనే గాలి పరీక్ష చెయ్యండి. అన్ని కన్నాలకీ బిరడాలు పెట్టి, తిత్తి బిగుతుగా నింపి, నిమిషం ఆగి మళ్ళీ ఊదండి. ఇంకో ఊపిరి పట్టిందంటే ఎక్కడో కారుతోంది. కీళ్ళకి చుట్టిన మైనం దారం అరిగి ఉంటుంది, రెండు చుట్లు కొత్తది చుడితే సరిపోతుంది. వాయిద్యం మీతో పోరాడుతోందనిపిస్తే పదిసార్లలో తొమ్మిదిసార్లు కారణం ఇదే.

పక్కింటివాళ్ళ సంగతి: ఫ్లాట్‌లో పైప్స్ వాయించలేరు. వాయించే మనిషి చెవి దగ్గర శబ్దం 100 డెసిబెల్స్ దాటుతుంది. బ్యాండు హాలు, చర్చి హాలు, ఊరి బయట పార్కు, ఇవే చోట్లు. చెవులకి సంగీతకారుల ఇయర్‌ప్లగ్స్ మొదటిరోజు నుంచే పెట్టుకోండి. నేను మూడేళ్ళు పెట్టుకోలేదు, ఇప్పుడు కుడిచెవిలో రాత్రిళ్ళు సన్నగా గుయ్‌మంటుంది. అది తిరిగి పోదు. ఇంట్లోనే వాయించాలనుంటే స్కాటిష్ స్మాల్‌పైప్స్ ఉన్నాయి, మోచేతి కింద చిన్న కొలిమి తిత్తితో గాలి కొడతారు, వేళ్ళ పద్ధతి ఇదే, శబ్దం గదికి సరిపోయేంత. హెడ్‌ఫోన్స్ పెట్టుకునే ఎలక్ట్రానిక్ చాంటర్లూ ఉన్నాయి.

శుభ్రత విషయంలో నిర్లక్ష్యం వద్దు. మీ ఊపిరిలోని తేమంతా లోపలికే పోతుంది. 2016లో డాక్టర్లు ఒక కేసు ప్రచురించారు. 61 ఏళ్ళ పైపర్, ఏళ్ళ తరబడి ఊపిరితిత్తుల జబ్బుతో బాధపడి చనిపోయారు. ఆయన పైప్స్ లోపల రకరకాల బూజులు దొరికాయి. మూడు నెలలు పైప్స్ లేకుండా ఆస్ట్రేలియా వెళ్ళినప్పుడు ఆయన ఆరోగ్యం మెరుగుపడటంతో డాక్టర్లకి అనుమానం వచ్చింది. భయపెట్టడానికి చెప్పడం లేదు. వాయించాక భాగాలు విడదీసి, లోపల గుడ్డ తోసి తుడిచి, గాలికి ఆరబెట్టండి. ఊదే గొట్టాన్ని వారానికొకసారి కడగండి. తడి పైప్స్‌ని పెట్టెలో పెట్టి మూత వెయ్యకండి. ఎడతెగని దగ్గు వస్తే పైప్స్ వాయిస్తానని డాక్టరుకి తప్పకుండా చెప్పండి.

ఎన్నాళ్ళకి ఒక పాట అన్నారు. చాంటర్ మీద మొదటి పాట రెండు మూడు నెలల్లో వస్తుంది. పైప్స్ మీద నలుగురి ముందు నిలబడి, శ్రుతిలో, ఒక్క పాట: రెండేళ్ళు అనుకోండి. బ్యాండుతో కలిసి నడుస్తూ వాయించడానికి మూడు నాలుగు. నాకు నాలుగు పట్టింది. పైపర్ కావడానికి ఏడేళ్ళు పడుతుందని ఇక్కడ పాతకాలం మాట. నేను నేర్చుకోవడం మొదలుపెట్టిన ఏడో ఏట మా నాన్న ఇక్కడికొచ్చి ఉన్నప్పుడు పార్కులో వాయించి వినిపించాను. ఆయన సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో పనిచేసిన రోజుల్లో పరేడ్‌లో మిలిటరీ పైప్ బ్యాండు వినేవారట. బెంచీ మీద కూర్చుని కాలితో లెఫ్ట్ రైట్ వేస్తూ విన్నారు. అయిపోయాక "డోలు ఒకటుంటే ఇంకా బాగుండేది రా" అన్నారు. నిజమే, పైప్స్ పక్కన డ్రమ్ పడితేనే నిండుగా ఉంటుంది.

ఆగస్టులో గ్లాస్గో గ్రీన్‌లో ప్రపంచ పైప్ బ్యాండు పోటీలు జరుగుతాయి. ఈసారి ఇంటిల్లిపాదీ రైలెక్కి రండి. టికెట్టు కొని గ్యాలరీలో కూర్చున్నా సరే, ఒక గంట మాత్రం బ్యాండులు పోటీకి ముందు శ్రుతి చేసుకునే చెట్ల దగ్గర గడపండి. పైప్ మేజర్ (బ్యాండు నాయకుడు) ఒక్కొక్కరి భుజం దగ్గర చెవి పెట్టి డ్రోను జరుపుతూ వలయం చుట్టూ తిరుగుతుంటాడు. ఇరవై మంది డ్రోన్లు అరవై ఒక్కొక్కటే ఒకే స్వరంలోకి చేరుతుంటే దగ్గర్నుంచి వినొచ్చు, ఎవరూ వద్దనరు. పిల్లాడికి చెవులు మూసే హెడ్‌సెట్ మర్చిపోకండి. ఈలోగా చాంటర్ తెప్పించుకుని, లో ఏ నుంచి హై ఏ వరకు ఒక్కో స్వరాన్ని నాలుగు లెక్కలు పట్టి ఊదడం మొదలుపెట్టండి. మీ ఊళ్ళో బ్యాండు వెతకడంలో ఇబ్బందయితే చెప్పండి, ఏయే రోజుల్లో ఎక్కడ పాఠాలు జరుగుతున్నాయో కనుక్కుని రాస్తాను.